గిజిగాడి క్రాపు

మొన్నొక సాయంత్రం జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర క్యాబ్‌లో ఇరుక్కుపోయాను. అక్కడ ఇరుక్కుపోవడం విశేషమేమీ కాదు. ఆ చౌరస్తాలో ఆగినవాళ్ళు ఫోన్లోనే పెళ్ళి సంబంధాలు ఖాయం చేసుకుని కూడా ఇంకా అక్కడే ఉంటారు. నాకు ముందు బస్సు, వెనక నీళ్ళ ట్యాంకరు, కుడిపక్క తలుపు తెరవడానికి కూడా సందివ్వని పెద్ద కారు. తల తిప్పుకోవడానికి ఎడమవైపు ఒక్కటే ఖాళీ ఉంది. ఆ వైపు ఒక హోర్డింగు. దానిమీద పదేళ్ళ పిల్ల. మగపిల్లాడి క్రాపు, మోకాళ్ళదాకా మడిచిన ప్యాంటు, చేతిలో పంగలకర్ర. పెద్ద బండరాయి మీద నడుముకి చెయ్యి ఆనించి నిలబడి లోకాన్నంతా ‘నీ సంగతి చూస్తా’ అన్నట్టు చూస్తోంది. పైన ‘గిజిగాడు మళ్ళీ వస్తోంది’ అని రాసి ఉంది. పాత సినిమాని ఇప్పుడు ఫోన్లో చూసుకునే సీరియల్‌గా తీశారట.

డ్రైవరు కుర్రవాడు అద్దంలోంచి నా చూపు గమనించి మాట కలిపాడు. “గా సీన్మ పాతది గూడ ఉండె మేడం. మా అమ్మ చిన్నప్పుడు దాన్ని జూసి కత్తెర వట్టుకొని జుట్టంత కోసుకున్నదంట. మా తాత గొట్టిన దెబ్బల గురించి ఇప్పటికీ చెప్తది. అండ్ల చేసిన పిల్లది యాక్టింగే కాదంట, నిజంగనే గట్ల ఉండెనంట.”

“అవునా?” అన్నాను.

ఆ పాత సినిమాలో పిల్లని నేనే. ఆ మాట అతనితో చెప్పలేదు. చెప్తే ఆ అద్దంలోంచే నా మొహంలో ఆ పిల్లని వెతకడం మొదలుపెడతాడు. ఇన్నేళ్ళలో చాలామంది వెతికారు, ఒక్కరికీ దొరకలేదు. దొరకదు కూడా. నేను చీమల వరసని దాటడానికి కూడా రెండుసార్లు ఆలోచించే మనిషిని.

నాన్నగారు కృష్ణా జిల్లా నుంచి సినిమాల కోసం మద్రాసు వెళ్ళి, అక్కడినుంచి పరిశ్రమతోపాటు హైదరాబాదు వచ్చారు. చాలా ఏళ్ళు కో-డైరెక్టరుగానే ఉండిపోయారు. కో-డైరెక్టరంటే సెట్టుకి అందరికంటే ముందు వచ్చి అందరికంటే ఆఖర్న వెళ్ళే మనిషి. సినిమా ఆడితే అది డైరెక్టరు గొప్ప, ఆడకపోతే కో-డైరెక్టరు సరిగ్గా చూసుకోలేదని. అప్పట్లో యూసుఫ్‌గూడలో ఒక మేడమీద రెండు గదుల పోర్షన్లో ఉండేవాళ్ళం. ఆ గదుల్లో ఆయన రాత్రుళ్ళు నాకు చెప్పిన కథలన్నీ గుహలూ, దీవులూ, దొంగలూ, పాతిపెట్టిన నిధులే. చిన్నప్పుడు అద్దె పుస్తకాల కొట్లో ఆయన చదివిన సాహస నవలలన్నిటిలోనూ నలుగురు మగపిల్లలు సాహసాలు చేస్తే, ఒక ఆడపిల్ల వాళ్ళకి ఫలహారం మూట కట్టి ఇచ్చేదిట. ఒక్క పుస్తకంలో మాత్రం అందరికీ నాయకురాలు ఆడపిల్ల. క్రాపుతో తిరిగేది, ఎవరికీ జంకేది కాదు. ఆ పుస్తకానికి చివరి పేజీలు చిరిగిపోయి ఉండడంతో, గుహలో చిక్కుకున్న ఆ పిల్ల ఎలా బయటపడిందో ఆయనకి తెలియలేదు. ఎలా బయటపడి ఉంటుందా అని ఆలోచిస్తూనే పెద్దవారయ్యారు, పెళ్ళి చేసుకున్నారు, నన్ను కన్నారు. ఆ ఆలోచనలోంచి పుట్టిన పిల్లకి గిజిగాడని పేరు పెట్టుకున్నారు. “ఆడపిల్లకి గాడు ఏంటండీ?” అని అమ్మ నవ్వింది. “అది పిట్ట పేరే. అయినా ఆ పిల్లకి గాడు అంటేనే ఇష్టం” అన్నారు నాన్నగారు, ఆ పిల్ల పక్క గదిలో నిద్రపోతున్నట్టు.

ఒక నిర్మాత ఆ కథ విని, నాన్నగారినే డైరెక్ట్ చెయ్యమన్నాడు. గిజిగాడు వేషానికి మద్రాసు నుంచి ఒక పిల్లని పిలిపించారు. గోడలెక్కేది, ఈల వేసేది, ఎదురుపడ్డ ప్రతివాణ్ణీ కొట్టేది. నాన్నగారు మురిసిపోయారు. సరిగ్గా షూటింగు మొదలయ్యే వారంలో ఆ పిల్లకి ఆటలమ్మ పోసింది. ఆ రోజు నాన్నగారు అన్నంలో మజ్జిగ పోసుకుని కలపడం మర్చిపోయి కూర్చున్నారు. కంచంలోంచి మెల్లగా తలెత్తి, ఎదురుగా కూర్చున్న నావైపు చూశారు. నేను అప్పుడు పప్పులో మిరపకాయ తగిలిందని కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నాను. అయినా ఆయనకి నేను కనిపించలేదు, గిజిగాడే కనిపించింది.

నాకు నడుందాకా జడ ఉండేది. పొద్దున్నే అమ్మ దాన్ని అల్లుతుంటే గోడమీద నీడలో అది ఊగడం చూసుకోవడం నా ఆటల్లో పెద్ద ఆట. ఆ జడని కత్తిరించింది మా వీధి చివరే ఉండే హెయిర్‌డ్రెస్సర్ అక్క. ఆవిడ సినిమాల్లో హీరోయిన్లకి జడలు వేసేది. తన జుట్టు మాత్రం ముడేస్తే కొబ్బరికాయంత ఉండేది. కత్తెర పట్టుకుని నా వెనకాల నిలబడి, జడని ఒకసారి చివరిదాకా దువ్వింది. “జుట్టే గద బిడ్డ, మల్ల వస్తది. ఏడ్వకు” అంది. తీరా చూస్తే ఏడుస్తున్నది ఆవిడే. “సినిమా అయిపోగానే పెంచుకుందువుగానిలే” అంది అమ్మ. ఆ మాట నేను నమ్మాను, అమ్మ కూడా నమ్మిందనే ఇప్పటికీ అనుకుంటాను.

ఫిల్మ్‌నగర్ అప్పటికింకా సగం రాళ్ళగుట్టే. ఒకదానిమీద ఒకటి ఎవరో ఆటకి పేర్చి మర్చిపోయినట్టు ఉండే బండలు, వాటి మధ్య ముళ్ళకంప, ఎండకి పెనంలా కాలే నేల. మా సినిమా సగం ఆ బండల్లోనే తీశారు. మొదటిరోజే నన్ను ఒక బండమీదకి ఎక్కించి కిందకి చూడమన్నారు. చూసి, కూర్చుండిపోయి, బండని రెండు చేతులా కావిలించుకున్నాను. యూనిట్టంతా నవ్వింది. నాన్నగారు మాత్రం నవ్వకుండా పైకొచ్చి నా పక్కన కూర్చుని, “గిజిగాడికి భయం వెయ్యదమ్మా” అన్నారు. నాకు వేస్తోంది నాన్నా అందామనుకున్నాను. కానీ ఆయన కళ్ళలోకి చూస్తే ఆ మాట వినేవాళ్ళెవరూ అక్కడ లేరనిపించింది. చివరికి నాకు ఎక్కడం నేర్పింది ముసలి ఫైట్ మాస్టరు. నడుముకి తాడు కట్టి, చేత్తో పట్టుకుని, “కిందకి చూడకు, పైకి చూడకు, నీ కాలు ఎక్కడుందో అది మాత్రం చూడు” అనేవారు. కాలు వంక చూస్తూ చూస్తూ నేను ఎక్కడం నేర్చుకున్నాను, ఈల నేర్చుకున్నాను, పంగలకర్రతో గురి నేర్చుకున్నాను. అన్నీ వచ్చాయి గాని ధైర్యం రాలేదు. తెరమీద అది ఎవరికీ తెలియలేదు. భయంతో బిగుసుకుపోయిన మొహం కెమెరాలో పట్టుదలలా కనిపిస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

సినిమా ఆడిందంటే మామూలుగా ఆడలేదు. ఊరూరా ఆడపిల్లలు జుట్టు కత్తిరించుకున్నారు. గోడలమీంచి దూకి మోకాళ్ళు చెక్కుకున్నారు. తల్లులు బజార్లో అమ్మని పట్టుకుని “మీ పిల్ల వల్ల మా పిల్ల మాట వినడం లేదండీ” అని ఒకపక్క తిడుతూ, ఇంకోపక్క నా బుగ్గలు పుణికేవారు. నిర్మాత మాకు జూబ్లీహిల్స్‌లో, గుట్టని ఆనుకుని ఉన్న తన ఇంట్లో నివాసం ఇచ్చాడు. ఎత్తయిన ప్రహరీ, ఇనప గేటు, గేటు దగ్గర వాచ్‌మన్. బడికి వెళితే పిల్లలు చుట్టుముడుతున్నారని బడి మానిపించి మేష్టార్ని ఇంటికే రప్పించారు. యూసుఫ్‌గూడలో నాతో అచ్చంగిల్లాలు ఆడిన స్నేహితురాళ్ళు ఒకసారి చూడ్డానికి వస్తే, వాచ్‌మన్ వాళ్ళని కూడా అభిమానులే అనుకుని నా ఫొటోలు ఇచ్చి పంపేశాడు. మేడమీద కిటికీలోంచి వాళ్ళు ఆ ఫొటోలు చూసుకుంటూ దిగువకి వెళ్ళిపోవడం చూశాను. కేకెయ్యచ్చు, ఈల కూడా వెయ్యచ్చు. ఊళ్ళో నా ఈల తెలియనివాళ్ళు లేరు. కానీ వాళ్ళు ఆగి వెనక్కి తిరిగితే గిజిగాణ్ణి చూస్తారు తప్ప నన్ను చూడరనిపించి ఊరుకున్నాను.

ఆ ఇంట్లో నా బీరువాలో గౌన్లు లేవు, పరికిణీలు లేవు, పూసల దండలు లేవు. నిక్కర్లూ, చొక్కాలూ, టోపీలూ ఉండేవి. పక్షానికోసారి హెయిర్‌డ్రెస్సర్ అక్క వచ్చి, చెవులమీదకి తొంగిచూసే వెంట్రుకల్ని కత్తిరించి వెళ్ళేది. పెళ్ళిళ్ళకి వెళ్ళినా టోపీతోనే వెళ్ళాలి. పెళ్ళికొడుకు కన్నా ముందు జనం నా చుట్టూ మూగి “ఏదీ, ఒక్క ఈల” అనేవారు. పెళ్ళిమంటపంలో మంగళవాద్యాలతో పోటీగా ఈల వేసిన ఆడపిల్ల లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఇంట్లో కూడా అందరూ గిజిగాడనే పిలిచేవారు. గిజిగాడికి పాలు ఇచ్చావా, గిజిగాడు పడుకుందా, గిజిగాడికి జ్వరం తగ్గిందా. నన్ను నా పేరుతో పిలిచేది ఏడాదికోసారి వచ్చే అమ్మమ్మ ఒక్కతే. మొదటిసారి పిలిచినప్పుడు ఎవరినో అనుకుని నేను పలకలేదు.

రెండో సినిమా సగంలో ఉండగా నేను పెద్దమనిషినయ్యాను. మావైపు అలాంటప్పుడు పేరంటం చేసి, చాపమీద కూర్చోబెట్టి, వీధిలో వాళ్ళందరినీ పిలిచి హడావిడి చేస్తారు. అమ్మ ఎవరినీ పిలవలేదు. వంటింటి తలుపు గడియ పెట్టి, చప్పుడు కాకుండా నువ్వులు దంచి చిమ్మిలి చేసి, నన్ను గ్యాసు బండ పక్కన పీటమీద కూర్చోబెట్టి తినిపించింది. తినిపిస్తున్నంతసేపూ తన కళ్ళు కారుతూనే ఉన్నాయి. “ఎవరితోనూ అనకమ్మా. అమ్మమ్మతో కూడా వద్దు. మీ నాన్నగారికి అసలే తెలియకూడదు” అంది.

“నాన్నగారికి ఎందుకు తెలియకూడదు?”

“తెలిస్తే ఆలోచిస్తారు. ఆలోచన మొదలైతే సినిమా తియ్యలేరు. ఇన్నాళ్ళకి ఆయన్ని నలుగురూ డైరెక్టరు గారూ అంటున్నారు.”

అమ్మని అప్పుడు తప్పుపట్టాలనిపించలేదు, ఇప్పుడూ అనిపించడం లేదు. ఆ తలుపుకి గడియ పెట్టుకున్నది మేమిద్దరమూ. అమ్మ నాకు చొక్కాలు వదులుగా కుట్టించింది. తెరమీద పొడుగ్గా కనిపించకుండా పక్కన పొడుగు పిల్లల్ని పెట్టారు. రెండో సినిమా కూడా ఆడింది. విజయోత్సవంనాడు నిర్మాత నాన్నగారి భుజంమీద చెయ్యి వేసి, “ఇంకో రెండు సినిమాలదాకా పిల్లని ఇలాగే ఉంచండి సార్” అన్నాడు, ఊరగాయ జాడీకి మూత సరిగ్గా పెట్టమన్నట్టు. నాన్నగారు నవ్వారు. నేను టోపీ కింద చెవులు వేడెక్కి నిలబడ్డాను. ఇంకో రెండు సినిమాలంటే ఎంత కాలమో నాకు తెలుసు. అప్పటికి యూసుఫ్‌గూడ స్నేహితురాళ్ళు ఓణీలు వేసుకుని కాలేజీకి వెళుతుంటారు.

మూడో సినిమాకి ముహూర్తం పెట్టారు. షూటింగు లేని కొన్ని నెలలు హెయిర్‌డ్రెస్సర్ అక్క రాకపోవడంతో నా జుట్టు మెడదాకా దిగింది. రోజూ స్నానం చేశాక దాన్ని రెండు వేళ్ళతో లాగి భుజానికి ఎంత దూరంలో ఉందో చూసుకునేదాన్ని. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర అమ్మ, “రేపు పొద్దున్న హెయిర్‌డ్రెస్సర్‌ని రమ్మన్నాను. ముహూర్తం షాట్ కదా, శుభ్రంగా కత్తిరిస్తుంది” అంది. ఆ మాటతో నాలో ఏదో తెగింది. గట్టిగా అరవాలని గాని, కంచం విసిరికొట్టాలని గాని అనిపించలేదు. గిజిగాడైతే అన్నీ చేసేది. నేను పెరుగన్నం పూర్తిచేసి, చెయ్యి కడుక్కుని, అందరూ నడుం వాల్చేదాకా కూర్చున్నాను.

అమ్మ బీరువాలో అడుగున తన పెళ్ళికాకముందు నాటి ఓణీ ఒకటి ఉండేది, కలరా ఉండల వాసనతో. దాన్నీ, అమ్మ లోపావడానీ మూటగట్టి నడుముకి కట్టుకున్నాను. గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు. వెనకవైపు గోడకి అవతల గుట్ట. గోడ ఇటువైపు ఎక్కడం సులువే, జామచెట్టు ఉంది. అవతలికి చూస్తే మాత్రం కింద ఇద్దరు మనుషుల లోతున బండల సందు. ఒకసారి చూసి వెనక్కి వచ్చేద్దామనుకున్నాను. కళ్ళు మూసుకుంటే రేపటి కత్తెర చప్పుడు వినిపించింది. నా కాలు ఎక్కడుందో అది మాత్రం చూసుకుంటూ దిగాను. సినిమాల కోసం బండలు చాలాసార్లు దిగాను గాని, తాడు లేకుండా దిగడం అదే మొదలు. కిందకి చేరాక నడుముకున్న మూట విప్పాను. నిక్కరుమీదే పావడా కట్టి, ఓణీ తలమీంచి కప్పుకుని, గుట్ట దిగి రోడ్డెక్కాను.

ఎవరూ నన్ను చూడలేదు. నడుస్తున్నకొద్దీ ఆ సంగతి తెలుస్తూ వచ్చింది. పాన్‌డబ్బా ముందు నిలబడ్డవాళ్ళు చూడలేదు, సైకిలుమీద మొక్కజొన్న పొత్తులు అమ్ముకునేవాడు చూడలేదు, నా మొహమే ఉన్న పోస్టరు అంటిస్తున్నవాడు “జర పక్కకు జరుగమ్మ” అని నన్నే పక్కకి తప్పించి అంటించుకున్నాడు. కృష్ణానగర్ సందుల్లోకి వచ్చేసరికి నాకు నవ్వొచ్చింది. అక్కడ ఒక నీళ్ళ డ్రమ్ము దగ్గర ముగ్గురు ఆడపిల్లలు పోట్లాడుకుంటున్నారు. ఎనిమిదేళ్ళుండే ఒక పిల్ల, బ్లేడుతో కోసినట్టు ఎగుడుదిగుడుగా ఉన్న క్రాపుతో, “నేనే గిజిగాణ్ణి. జుట్టు కోసుకున్నది నేను, తన్నులు తిన్నది నేను. మీరెట్ల అయితరు?” అంటోంది. మిగతావాళ్ళు ఆ వాదనకి లొంగిపోయారు. నేను నిలబడిపోయాను.

ఆ పిల్ల నన్ను చూసింది. “ఏందక్కా, గట్ల జూస్తున్నవ్? ఆడుతవా?”

“నేను... గిజిగాడు చెయ్యనా?” అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

పిల్ల నన్ను కిందినుంచి పైదాకా చూసి నిజాయితీగా తల అడ్డంగా ఊపింది. “నీతోని కాదక్కా. నువ్వు మరీ మెత్తగున్నవ్. దొంగలు ఎత్కపోయిన పిల్లవు నువ్వు, సరేనా? నిన్ను కట్టేస్తరు. నువ్వు ఊకె ఏడ్వాలె. గంతే.”

నన్ను కరెంటు స్తంభానికి ఆనించి, పాత తువ్వాలుతో చేతులు వెనక్కి కట్టారు. పిల్లల ముడి కదా అనుకున్నాను, నిజంగానే బిగిసింది. దొంగలు ఇద్దరూ నా చుట్టూ తిరుగుతూ హహహా అని నవ్వారు. గిజిగాడు ఎక్కడికో మాయమైంది. సందులో వెళ్ళేవాళ్ళు మమ్మల్ని తప్పించుకుని వెళుతున్నారు. ఎండ కళ్ళలో పడుతోంది. గిజిగాడి కోసం నేను నిజంగానే ఎదురుచూడడం మొదలుపెట్టాను. ఇన్నేళ్ళూ అందరూ ఎదురుచూసింది నాకోసమే గాని, నేను ఎవరికోసమూ ఎదురుచూడలేదు. అప్పుడు పక్కింటి రేకుల కప్పుమీంచి, ఊడిపోయిన రెండు పళ్ళ సందులోంచి గాలి తప్ప ఇంకేమీ రాని ఒక ఈల. ఆ పిల్ల రేకులమీంచి డ్రమ్ముమీదకి, డ్రమ్ముమీంచి నేలమీదకి దూకి, దొంగల్ని ఇద్దర్నీ రెండు తోపులు తోసి, నా వెనక్కి వచ్చి పళ్ళతో ముడి లాగుతూ చెవి దగ్గర అంది: “భయపడకక్కా. నేనొచ్చిన గద.”

సినిమాలో ఆ మాట నేను ఎన్నో టేకులు చెప్పాను. ఒక్కసారి కూడా నాకు నమ్మకం కలగలేదు. ఆ పిల్ల చెప్తే కలిగింది. ఏడుపు వచ్చేసింది. “మస్తుగ ఏడుస్తున్నవక్కా, నువ్వు సీన్మల జెయ్యచ్చు” అని మెచ్చుకుంది గిజిగాడు. ఆ పిల్ల మోకాలు చెక్కుకుని రక్తం కారుతోంది, దానికి అది తెలియనే లేదు. నాన్నగారు ఇన్నాళ్ళూ నాలో వెతుక్కుంటున్న పిల్ల ఆ సందులో ఉంది. ఆ పిల్లకి ఆ క్రాపు ఒక రెక్క. నాకు మాత్రం అది తలమీద పెట్టిన మూత.

హెయిర్‌డ్రెస్సర్ అక్క ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ వాకిట్లో బియ్యం ఏరుకుంటోంది. ఓణీ తీసేదాకా గుర్తుపట్టలేదు. గుర్తుపట్టి చాట పక్కన పెట్టేసి లేచింది. “నువ్వేంది బిడ్డ గీడ? ఒక్కదానివే వచ్చినవా?”

“అక్కా, నా జుట్టు పెరిగేదాకా మీ ఇంట్లో దాచిపెట్టుకో” అన్నాను.

ఆవిడ పెద్దగా నవ్వింది. “నీ జుట్టు నడుముదాక రావాలంటే ఏండ్లు వడుతది. గప్పటిదాక నా మంచం కింద పండుకుంటవా?” నేను పండుకుంటానన్నాను. ఆవిడ నవ్వు ఆగిపోయింది. నన్ను లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, ఏం జరిగిందో అడిగింది. వంటింట్లో గడియ పెట్టుకుని తిన్న చిమ్మిలి గురించి కూడా చెప్పేశాను. ఆ మాట ఇంకో మనిషికి చెప్పడం అదే మొదటిసారి. అక్క కొబ్బరినూనె చేతిలో పోసుకుని, మెడదాకా ఉన్న ఆ కాస్త జుట్టుకీ రాసి, చిన్న చిక్కు కూడా లేకుండా దువ్వింది. అల్లడానికి చాలని జుట్టుని రెండు పక్కలా పిన్నులతో సర్దింది. తర్వాత చెప్పులు వేసుకుని, “నడువు. దాసుకునుడు గీసుకునుడు ఏం లేదు. మీ నాయిన తోని నేనే మాట్లాడుత” అంది.

“నీ పని పోతుంది అక్కా.”

“పోతే పోనీ తియ్. కత్తెర నా చేతిల ఉన్నది గద.”

ఆటోలో వెళ్ళేసరికి ఇల్లంతా గగ్గోలుగా ఉంది. వాచ్‌మన్ గుట్టమీద వెతుకుతున్నాడు. అమ్మ వరండా మెట్లమీద చెంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. నాన్నగారు ముళ్ళకంపకి చొక్కా చిరిగి, చెప్పుల్లేకుండా వెనక నుంచి వస్తున్నారు. నన్ను చూసి నా దగ్గరికి పరిగెత్తుకుని వచ్చి రెండు భుజాలూ పట్టుకున్నారు. కొడతారనుకున్నాను. “ఎలా వెళ్ళావు?” అన్నారు.

“వెనక గోడ దిగి.”

“వెనక గోడా? అవతలి వైపా? తాడు లేకుండా దిగావా?” అన్నారు. ఆయన కళ్ళు వెలిగాయి. “కాలు ఎక్కడ పెట్టావు? ఆ పగులు దగ్గరా? అక్కడ కెమెరా పెడితే...” అని, ఆ మాట సగంలోనే ఆగిపోయారు. నా ఒంటిమీద ఓణీని అప్పుడే చూశారు. కట్టుకోవడం రాక నేను ఎలాగో చుట్టుకున్న ఆ ఓణీని, రెండు పక్కలా పెట్టిన పిన్నుల్ని, నా మొహాన్ని వరసగా చూశారు. హెయిర్‌డ్రెస్సర్ అక్క ముందుకొచ్చింది. “సార్, గీ పిల్ల తలకాయల నేను ఇగ కత్తెర పెట్ట. ఇంకెవ్వల్నన్న పిలుసుకోండ్రి. గని పిలిసే ముందల పిల్లనొక్కసారి అడుగుండ్రి.”

నాన్నగారు అమ్మ వైపు తిరిగారు. అమ్మ తలెత్తకుండానే, “అది పెద్దమనిషయి చాలా నెలలైందండీ. మీకు చెప్పలేదు” అంది.

ఆయన మెట్టుమీద కూర్చుండిపోయారు. అరికాలిలో ముల్లు గుచ్చుకుని ఉంది, తియ్యడం కూడా మర్చిపోయారు. నన్ను పక్కన కూర్చోమని, చిన్నప్పుడు కథ చెప్పేముందు అడిగే గొంతుతోనే అడిగారు: “నీకు గిజిగాడంటే ఇష్టం లేదామ్మా?”

“చాలా ఇష్టం నాన్నా. కానీ అది నేను కాదు” అన్నాను.

మర్నాడు ముహూర్తం జరగలేదు. నాన్నగారు నిర్మాత ఆఫీసుకి వెళ్ళి వచ్చారు. ఏం మాట్లాడుకున్నారో మాకు చెప్పలేదు. మూడో సినిమా ఇంకో డైరెక్టరూ, ఇంకో పిల్లా చేశారు. ఆడలేదని విన్నాను. నాన్నగారికి మళ్ళీ పెద్ద సినిమా రాలేదు. ఒకటి మొదలై ఆగిపోయింది, తర్వాత టీవీ సీరియళ్ళకి మాటలు రాశారు. హెయిర్‌డ్రెస్సర్ అక్కని ఆ కంపెనీవాళ్ళు మళ్ళీ పిలవలేదు. వేరేవాళ్ళు పిలిచారు, ఆవిడ చేతికి పనికి కరువు లేదు. మేం జూబ్లీహిల్స్ ఇల్లు వదిలి యూసుఫ్‌గూడలో ఇంకో మేడమీదకి వచ్చేశాం. నేను బళ్ళో చేరాను. మొదట్లో ఈల వెయ్యమన్నారు, వెయ్యకపోతే పొగరన్నారు, తర్వాత మర్చిపోయారు. అలా అని గేటు దాటగానే లోకమంతా విశాలమైపోలేదు. చదువులో, ఉద్యోగంలో, పెళ్ళిచూపుల్లో ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు “నువ్వా ఆ పిల్లవి!” అని, నన్ను చూసి, కాస్త నిరాశపడేవారు. ఇంకొకరి నిరాశలో నిలబడి ఉండడం కూడా ఒకరకం ఇరుకే.

నాన్నగారు నన్ను ఒక్కమాట కూడా అనలేదు. యూసుఫ్‌గూడకి తిరిగొచ్చిన ఏడాది ఆయన ఇంట్లోనే ఎక్కువ ఉండేవారు. నేను బడికి తయారవుతుంటే పేపరు పట్టుకుని అక్కడే కూర్చుని, “ఇవాళ కొంచెం పెరిగినట్టుందే” అనేవారు. నిజానికి ఏమీ పెరిగేది కాదు. రోజూ అద్దం ముందు నిలబడి నేనూ కొలుచుకునేదాన్ని. ఎంత చూసినా నిన్నటిలాగే ఉండేది. అలాగే ఉండి ఉండి, ఒకరోజు అమ్మ నా జుట్టుని మూడు పాయలు చేసి, చిన్నదే అయినా జడ అల్లగలిగింది. చూడండని ఆయన ముందుకెళ్ళి వెనక్కి తిరిగి నిలబడ్డాను. ఆయన బాగుందంటూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేను ఇటు తిరిగేసరికి కిటికీ వెలుగులో ఆయన తల కనిపించింది. మొత్తం తెల్లబడిపోయింది. ఎప్పుడు తెల్లబడిందో నాకు తెలియదు. అదే గదిలో, అదే అద్దం పక్కన, నా కళ్ళెదుటే జరిగింది. నా తలమీద కాలం ఎంత నెమ్మదిగా నడుస్తోందా అని ఏడాది పొడుగునా విసుక్కున్నాను గాని, అదే కాలం ఆయన తలమీద పరిగెడుతోందని ఒక్కరోజు కూడా చూసుకోలేదు.